ప్లైవుడ్డా, పార్టికల్ బోర్డా? వడ్రంగా, ఫ్యాక్టరీనా? బెంగళూరు ఫ్లాట్‌కి ఇంటీరియర్ ఎంపికలు

కొత్త ఫ్లాట్ తాళాలు చేతికొచ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే ఫోన్‌లో రెండు మూడు వందల బొమ్మలు దాచుకుని ఉంటారు. అవి చూసే ముందు నేనొకటి అడుగుతాను: ఇప్పుడుంటున్న అద్దె ఇంట్లో సింక్ కింద తలుపు తీసి ఫొటో పంపమని. చాలాసార్లు అక్కడ బోర్డు ఉబ్బిపోయి ఉంటుంది. హింజ్ తుప్పు పట్టి తలుపు ఒక పక్కకి వేలాడుతుంటుంది. ఆ వంటగది కూడా ఒకప్పుడు ఎవరో బొమ్మ చూపించి, ముచ్చటపడి చేయించుకున్నదే.

మాది అనంతపురం వైపు. పద్నాలుగేళ్లుగా బెంగళూరులో ఈ పనిలో ఉన్నాను. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం వైపు ఫ్లాట్లు కొన్న తెలుగువాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఎంపిక దగ్గర నేను చూసే లెక్క ఒకటే. చెయ్యి, నీళ్లు, వేడి తగిలే చోట డబ్బు పెట్టాలి. కన్ను మాత్రమే తగిలే చోట చెయ్యి బిగపట్టాలి. ఫోన్‌లో బొమ్మలు చూసి బడ్జెట్ వేసుకుంటే ఇది తలకిందులవుతుంది, ఎందుకంటే ఫొటోలో సీలింగ్ కనబడుతుంది, హింజ్ కనబడదు.

ఇంకో మాట. ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటారో మొగుడూ పెళ్లాలు ముందే తేల్చుకోండి. నాలుగేళ్లలో అద్దెకిచ్చి వెళ్లిపోయే ఆలోచన ఉంటే వంటగది, రెండు వార్డ్‌రోబ్‌లు, లైట్లు, ఫ్యాన్లు చాలు. అద్దెకొచ్చేవాళ్లు మీ టీవీ ప్యానెల్ చూసి పైసా ఎక్కువివ్వరు.

వడ్రంగితోనా, ఫ్యాక్టరీలోనా?

సైట్‌లో వడ్రంగితో చేయిస్తే సరుకు మీ చేతిలో ఉంటుంది. మైసూర్ రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఔట్‌కి వెళ్లి ప్లై మీరే ఎంచుకోవచ్చు, ముద్ర చూసుకోవచ్చు, మోసి చూసి బరువు తెలుసుకోవచ్చు. గోడ వంకరగా ఉంటే వడ్రంగి ఆ వంకరకే కోసి కూర్చోబెడతాడు. బిల్డర్లు కట్టిన గోడలు ఎంత వంకరగా ఉంటాయో లేజర్ పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒక ఫ్లాట్‌లో ఎనిమిది అడుగుల గోడకి పై కొసకీ కింది కొసకీ ముప్పావు అంగుళం తేడా చూశాను. పెట్టె మంచాలు, అటక తలుపులు, దేవుడి గది జాలీ, ఇలాంటివి మధ్యలో మనసు మార్చుకున్నా సర్దుకుపోతాయి.

చిక్కు ఎక్కడంటే, ఎవరో ఒకరు రోజూ నిలబడి చూడాలి. ఇక్కడ వడ్రంగం పనివాళ్లు చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. పండక్కో, ఊళ్లో పెళ్లికో వెళ్తే మూడు వారాలు పని ఆగిపోతుంది. వాళ్లు రాకపోవడం తప్పని కాదు, మనం ముహూర్తం పెట్టుకునేటప్పుడు ఆ లెక్క వేసుకోవాలి. పైగా ప్లై అంచులకి పట్టీ చేత్తో ఫెవికాల్ పెట్టి అంటిస్తారు. అది వార్డ్‌రోబ్‌లో పదేళ్లు ఆగుతుంది గానీ, రోజూ ఆవిరి తగిలే వంటగదిలో అంత కాలం ఆగదు.

ఫ్యాక్టరీ పనిలో గొప్ప సుఖం ఆ అంచే. మెషీన్ వేడి జిగురుతో పట్టీని నొక్కి అంటిస్తుంది, నీళ్లు లోపలికి దిగే దారి తగ్గుతుంది. హింజ్ రంధ్రాలు అన్నీ ఒకే కొలతలో పడతాయి కాబట్టి తలుపులు వరసగా ఉంటాయి. దుమ్ము ఇంట్లో పడదు. కాకపోతే అక్కడ మీరు చూసేది సరుకు కాదు, కొటేషన్. ఆ కొటేషన్ చదవడం రావాలి.

కొటేషన్‌లో వార్డ్‌రోబ్‌ని ముందు నుంచి కొలిచిన చదరపు అడుగుల్లో రాస్తారు. ఏడు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు అంటే 49 చదరపు అడుగులు. లోపల ఎన్ని అరలు, ఎన్ని డ్రాయర్లు అన్నది ఆ అంకెలో తెలియదు. ఒకరు రెండు అరలు పెట్టి, ఇంకొకరు ఆరు అరలు, మూడు డ్రాయర్లు పెట్టి అదే 49 చూపిస్తారు. తక్కువ రేటు చెప్పినవాడు దగ్గరివాడనిపిస్తాడు. రెండు కొటేషన్లు పోల్చాలంటే ముందు లోపలి బొమ్మ ఒకటే గీయించి ఇద్దరికీ ఇవ్వండి. హ్యాండిళ్లు, సింక్, లైట్లు, అటక తలుపులు, వెనక బోర్డు మందం కలిశాయో లేదో ఒక్కొక్కటిగా అడగండి.

వడ్రంగితో అయితే షీట్ల లెక్క అడగాలి. ప్లై షీటు ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు. రెండడుగుల లోతున్న అదే వార్డ్‌రోబ్‌ని రెండు పెట్టెలుగా చేస్తే నిలువు పలకలు నాలుగు, వాటికి రెండు షీట్లు. పైనా కిందా పలకలకి ఒకటి. నాలుగు తలుపులకి రెండు. అరలకి ఒకటి రెండు. మొత్తం ఆరేడు షీట్లు, వెనక వైపు సన్న ప్లై రెండు. డ్రాయర్లుంటే ఇంకొకటి వేసుకోండి. ఎవరైనా పన్నెండు షీట్లు తెమ్మంటే "కోత బొమ్మ గీసి చూపించు భయ్యా" అనండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు. అడిగేవాళ్లున్నారని తెలిస్తే చాలు, లెక్క దానంతటదే దిగొస్తుంది.

నా ఓటు: వంటగది ఫ్యాక్టరీలో, వార్డ్‌రోబ్‌లు, అటకలు, దేవుడి అల్మరా వడ్రంగితో, మంచాలు, సోఫా, డైనింగ్ టేబుల్ రెడీమేడ్. మంచాన్ని వడ్రంగితో చేయిస్తే గదిలోంచి బయటికి తీయలేనంత బరువు అవుతుంది, ఇల్లు మారితే ముక్కలు చేయాల్సిందే. ఇద్దరూ ఆఫీసులకి పోయి, పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే మాత్రం అన్నీ ఫ్యాక్టరీకే ఇచ్చేయండి. చూసేవాళ్లు లేని సైట్ పనిలో మిగిలేది టెన్షనే.

లోపలి బోర్డు: ఇక్కడ పిసినారితనం వద్దు

ఇది నా సొంత ఇంట్లో నేర్చుకున్న పాఠం. ఈ రంగంలో కొత్తగా ఉన్నప్పుడు, మా ఫ్లాట్ వంటగది ఒక కంపెనీకి ఇచ్చాను. కొటేషన్‌లో "ఇంజినీర్డ్ వుడ్" అని ఉంది. చదవడానికి బాగుంది, సంతకం పెట్టాను. మూడో వానాకాలానికి సింక్ కింది అడుగు పలక నానబెట్టిన అటుకుల్లా ఉబ్బింది. హింజ్ స్క్రూ వూడితే మళ్లీ బిగించబోయాం, పట్టే చెక్క ఉంటే గదా, పొట్టు రాలింది. అది పార్టికల్ బోర్డు. చెక్క పొట్టు, ముక్కలు జిగురుతో కలిపి నొక్కిన పలక. ఒకసారి స్క్రూ పట్టుకుంటుంది. రెండోసారి దాని ఓపిక అయిపోతుంది.

ఇప్పుడు నేను కొటేషన్‌లో మూడు మాటలు రాయించుకుంటాను: బోర్డు పేరు, మందం, ఐఎస్ నంబరు (ఇండియన్ స్టాండర్డ్, అంటే ఆ సరుకు నాణ్యతకి మన దేశంలో పెట్టిన ప్రమాణం).

ప్లైవుడ్ అంటే సన్నటి చెక్క పొరలను అడ్డం నిలువు మార్చి అతికించింది. అందుకే స్క్రూ పట్టు బాగుంటుంది, బరువు మోస్తుంది. దాంట్లో మామూలు రకాన్ని కొట్టువాళ్లు కమర్షియల్ అంటారు, దాని మీద ఎంఆర్ అని ఉంటుంది. అది తేమని ఓర్చుకుంటుంది, నీళ్లని కాదు. దాని పైరకం బీడబ్ల్యూఆర్. వీటికి ఐఎస్ 303. మెరైన్ అనే రకానికి ఐఎస్ 710. షాపువాడు "వాటర్‌ప్రూఫ్ మేడమ్" అని ఎంత గట్టిగా చెప్పినా షీటు మీద ఐఎస్‌ఐ ముద్ర, దాని పక్కన నంబరు చూడనిదే డబ్బు తీయొద్దు. పడగ్గది వార్డ్‌రోబ్‌కి ఎంఆర్ చాలు, అది బాత్రూమ్ గోడకి ఆనుకుని ఉంటే తప్ప. అక్కడ బీడబ్ల్యూఆర్ వాడి, గోడకీ వార్డ్‌రోబ్‌కీ మధ్య కొంచెం ఖాళీ వదలండి. వంటగది కింది పెట్టెలకి ఐఎస్ 710.

ఎండీఎఫ్ చెక్క నారతో చేసింది, నున్నగా ఉంటుంది. చెక్కడం, గాడి తీయడం, పెయింట్ వేయడం దాని పనులు. తలుపులకి సరే, పెట్టెలకి వద్దు. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ దానికంటే గట్టిగా, తేమని బాగా ఆపేలా చేసిన బోర్డు. ఫ్యాక్టరీ వంటగదులకి ఈమధ్య ఎక్కువగా అదే వాడుతున్నారు, నాకూ ఫిర్యాదు లేదు. బరువెక్కువ కాబట్టి ఎత్తైన తలుపులకి హింజ్‌లు తగ్గించనివ్వొద్దు. ఏడడుగుల తలుపుకి నాలుగు ఉండాలి.

సింక్ కింద మాత్రం ఇవేవీ వద్దంటాను. కడప బండ పెట్టించండి. బెంగళూరు పాత ఇళ్లలో వంటగట్టు కింద అరలన్నీ ఆ నల్లరాతి పలకలే. కన్నడ మేస్త్రీలు కూడా "కడప" అనే పిలుస్తారు. బసవనగుడిలో మా క్లయింట్ వాళ్ల పాత ఇల్లు తిరగేస్తే ఎన్నో ఏళ్ల కిందటి కడప అరలు చెక్కు చెదరకుండా బయటపడ్డాయి. సింక్ పెట్టె, సిలిండర్ పెట్టె, గ్రైండర్ పెట్టే చోటు, ఈ మూడు రాతితో కట్టించి ముందు తలుపు మాత్రం ప్లైతో పెట్టుకుంటే ఎవరికీ తేడా తెలియదు. పైపు కారినా గుడ్డతో తుడిస్తే అయిపోయింది. ఫ్యాక్టరీవాళ్లు దీనికి ముఖం చిట్లిస్తారు, వాళ్ల డ్రాయింగ్‌లో రాయి ఉండదు మరి. పట్టు వదలొద్దు.

పైపూత

లామినేట్‌ని చాలామంది ఇంకా సన్‌మైకా అనే అంటారు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న మ్యాట్ లామినేట్ నా దృష్టిలో మామూలు ఇంటికి సరిపోయే పూత. అంత తొందరగా గీత పడదు, తడి గుడ్డతో తుడవొచ్చు, పాడైతే ఒక్క తలుపు మార్చుకోవచ్చు. లోపలి వైపు కూడా పలచటిదైనా లామినేట్ వేయించాలి. ఒక పక్కే వేస్తే తలుపు విల్లులా వంగుతుంది.

అక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది. షోరూమ్‌లో చూసి మనసు పారేసుకోనివాళ్లు లేరు. ఇంట్లో పిల్లలుంటే రోజూ సాయంత్రానికి వేలిముద్రల పటం తయారవుతుంది, పీచుతో రుద్దితే గీతలు. పైవరస పెట్టెలకి పెట్టుకోండి, చెయ్యి తక్కువ తగులుతుంది. పీయూ పెయింట్ అతుకు లేకుండా అందంగా ఉంటుంది, రంగు మీ ఇష్టం. కానీ దెబ్బ తగిలి పెచ్చు లేస్తే అక్కడే అతకలేరు, తలుపంతా మళ్లీ కొట్టించాలి.

గాడులున్న ప్యానెళ్లు ఇప్పుడు టీవీ వెనక, మంచం వెనక తెగ పెట్టిస్తున్నారు. మీ ఇంటి ముందు ఇంకో టవర్ లేస్తుంటే, రోడ్డు మీద మెట్రో పని సాగుతుంటే, ఆ గాడుల్లో చేరే దుమ్ము ఎవరు తుడుస్తారో ముందు తేల్చుకోండి. పనమ్మాయి తుడవదు. నేను అడిగి చూశాను.

వంటగట్టు మీద ఏ రాయి?

తెల్ల క్వార్ట్జ్ కావాలని పదిమందిలో ఆరుగురు అడుగుతారు. క్వార్ట్జ్ పలక రాతి పొడిని రెసిన్‌తో కలిపి చేసింది. నీళ్లు పీల్చదు, రంగు అంతా ఒకేలా ఉంటుంది. అయితే రెసిన్‌కి వేడంటే పడదు. పొయ్యి మీంచి దించిన బాణలి నేరుగా పెడితే మచ్చ పడుతుంది, అది పోదు. పైగా మన వంటల్లో పసుపు, ఆవకాయ నూనె, చింతపండు. తెల్లటి గట్టు మీద పసుపు చుక్క ఒక పూట ఉండిపోతే మీ ఆదివారం దానికే అంకితం.

గ్రానైట్ వేడికి జంకదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసేది, విదేశాలకి వెళ్తుంది. మన ఇంట్లో మాత్రం "పాత ఫ్యాషన్" అంటారు. దాంట్లో నాకు కనిపించే ఇబ్బంది ఒకటే. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే చోట ఉప్పు తెల్లటి మరకలు నల్లరాయి మీద కొట్టొచ్చినట్టు కనబడతాయి. నల్ల సింక్, నల్ల కుళాయి పెట్టుకున్నవాళ్లదీ ఇదే గోల. కాబట్టి కావేరి నీళ్లు రాని అపార్ట్‌మెంట్లలో బూడిద రంగు, గోధుమ రంగు కలిసిన గ్రానైట్, మామూలు స్టీలు సింక్ చెబుతాను. క్వార్ట్జ్ మీద మరీ మోజుంటే పొయ్యి ఉన్న వైపు గ్రానైట్, డైనింగ్ వైపు చిన్న గట్టుకి క్వార్ట్జ్ పెట్టించుకోండి.

ఎత్తు గురించి ఒక్క ముక్క. 34 అంగుళాలు అని అందరూ గుడ్డిగా పెట్టేస్తారు. వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు వచ్చేలా చూడండి. వంట చేసేది అత్తగారైతే ఆవిడ మోచెయ్యే కొలవాలి, ఇంటి లోన్ కట్టేవారిది కాదు.

వంటగదిని హాల్‌కి తెరిచి ఉంచాలా, మూయాలా అన్న తగువు నెల్లూరు వాళ్లింట్లో పెద్దావిడ ఒక్క మాటతో తేల్చేశారు: "చేపల పులుసు పెడితే సోఫా కూడా తినాలా అమ్మా?" గాజు స్లైడింగ్ తలుపులు పెట్టాం. కూతురికి వెలుగు దక్కింది, తల్లికి తలుపు దక్కింది. చిమ్నీకి పొగ బయటికి పోయే గొట్టం ఉండాల్సిందే. గొట్టం లేని రకాలు ఘాటుని వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతాయి.

పైకప్పు, వెలుగు

మొదట చెప్పిన లెక్క ప్రకారం నేను చెయ్యి బిగపట్టే చోటు ఇది. ఫ్లాట్ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులుంటే ఫాల్స్ సీలింగ్ దాంట్లో అర అడుగు మింగుతుంది, ఫ్యాన్ ఇంకా కిందికి దిగుతుంది. హాల్ చుట్టూ అంచు మాత్రం జిప్సమ్‌తో కట్టి, మధ్యలో స్లాబ్‌ని అలాగే వదిలేస్తే ఖర్చు సగానికి దిగుతుంది. పడగ్గదులకి అదీ అక్కర్లేదు. మిగిలిన డబ్బు లైట్లకి, స్విచ్‌లకి పెట్టండి, స్విచ్‌లు చెయ్యి తగిలేవే గదా. బల్బు వెలుగు రంగుని కెల్విన్‌లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపచ్చగా ఉంటుంది. హాల్, పడగ్గది 3000 కెల్విన్, వంటగట్టు మీద 4000, చదువుకునే బల్ల దగ్గర కూడా 4000. తెల్లగా మండే 6500 బాల్కనీకి, స్టోర్‌కి వదిలేయండి. ఒకే గదిలో రెండు రకాలు కలిపితే లక్షల పని కూడా పెళ్లి పందిరిలా కనబడుతుంది.

స్లైడింగ్ వార్డ్‌రోబ్ మంచానికీ అల్మరాకీ మధ్య రెండున్నర అడుగుల కంటే తక్కువ చోటున్నప్పుడే. మిగతా అన్నిచోట్లా మామూలు తలుపులు మేలు. స్లైడింగ్‌లో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, పట్టాల కోసం లోతు రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది, ఆ పట్టాల్లో వెంట్రుకలు చేరతాయి.

గోడలు, అలంకారం

వాన తగిలే బయటి గోడకి లోపల వాల్‌పేపర్ వద్దు. సెప్టెంబరు వానలకి చెమ్మ లోపలికి దిగిందంటే అంచులు లేస్తాయి. మంచి ఎమల్షన్ రంగు, అదీ ఒక గోడకి మాత్రం ముదురుది, చాలు. రంగు కంటే దాని ముందు ఏం పెడతారన్నది ముఖ్యం. ఇక్కడ మన తెలుగువాళ్లకి చేతిపనుల సంపద చాలా ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అదే తోలుతో, అవే రంగులతో లాంతర్లు చేస్తాయి. హాల్ మూలలో ఒకటి పెట్టి చూడండి, ఫ్యాక్టరీ షాండిలియర్ గుర్తు రాదు. లోపల ఎల్‌ఈడీ బల్బే వాడండి, తోలుకి వేడి పడదు. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, పెడనది అచ్చులతో అద్దేది. మొదటిది ఫ్రేమ్ కట్టి గోడకి పెట్టండి, రెండోది కర్టెన్లకి, దిండు గలీబులకి. పడమటి ఎండ నేరుగా పడే కిటికీకి కలంకారీ కర్టెన్ కట్టొద్దు, రెండు వేసవులకి వెలిసిపోతుంది. అక్కడ వెనక ఒక లైనింగ్ గుడ్డ వేయాలి. లక్క బొమ్మలు ఏటికొప్పాకవి ఊరికెళ్లినప్పుడు తెచ్చుకోండి, లేదంటే మైసూరు దారిలో అరవై కిలోమీటర్లలో చన్నపట్న ఉండనే ఉంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి: ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇక్కడ చాలామంది ఓనర్లు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు. చేరే ముందే "ఆ రంగేదో నన్ను ఎంచుకోనివ్వండి" అని అడిగి, ఒప్పుకుంటే వాట్సాప్‌లో రాయించుకోండి. మేకులు కొట్టకుండా నేల మీద నిలబడే అల్మరాలు, దీపాలు, పెద్ద చాపలు కొనుక్కోండి, అవి మీతోపాటే వస్తాయి.

ఇక ముహూర్తం. గృహప్రవేశానికి రెండు నెలల ముందు వచ్చి అంతా అయిపోవాలంటారు. మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌కి నాకు మూడు నెలలు పడుతుంది, దాంట్లో అసోసియేషన్ ఆదివారాలు డ్రిల్ ఆపమంటుంది, సర్వీస్ లిఫ్ట్ సాయంత్రం ఆరుకి మూసేస్తుంది. తొందరపెడితే పెయింట్ ఆరకుండానే తలుపులు బిగిస్తారు. అందుకని నేను చెప్పేది: గ్రానైట్ గట్టు, సింక్ మాత్రం ముందు పెట్టించి, ఆ ఖాళీ ఇంట్లోనే ముహూర్తానికి పాలు పొంగించేసుకోండి. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన చుట్టాలందరూ గచ్చు మీద హాయిగా కూర్చుంటారు, కొత్త సోఫా మీద కుంకుమ పడుతుందన్న భయం ఉండదు. మర్నాడు సోమవారమైతే తొమ్మిదింటికల్లా ప్లై దించుతాం.